కార్తీక వనభోజనం 16న, లైఫ్ సర్టిఫికెట్లు 8న – బస్సు, చందా, ఉసిరికాయ పచ్చడి గొడవలన్నీ ఇక్కడే తేల్చుకుందాం

గట్టు_మాస్టారు | నవంబర్ 3, 2025, ఉదయం 8:10
అందరికీ నమస్కారం. తుఫాను పుణ్యమా అని పోయిన వారమంతా గోదావరి గట్టు మీద మన రిటైర్డ్ వాళ్ళ నడక లేదు, ఇవాళ రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర లెక్కేస్తే పదకొండు మందిమే. మిగతావాళ్ళు బాగానే ఉన్నామని ఇక్కడో ముక్క రాయండి, ఫోన్లు చేసి చేసి నా చెవి వేడెక్కిపోయింది. ఇక అక్టోబర్ 26న అనుకున్న వనభోజనం మొంథా తుఫాను హెచ్చరికతో ఆగిపోయింది కదా, అది 16 ఆదివారానికి పెట్టాం. 9న అంటే సగం మందికి శుభకార్యాలు, 15న అంటే ఏకాదశి, ఉపవాసం వాళ్ళు నా మీద పడతారు, 20న అమావాస్యతో కార్తీకమే అయిపోతుంది, కాబట్టి 16 తప్ప గతి లేదు. స్థలం కడియం దగ్గర తెలిసినవాళ్ళ నర్సరీ, పెద్ద ఉసిరి చెట్టుంది. మనిషికి 500.
రెండోది, 8 శనివారం నడక అయ్యాక లైఫ్ సర్టిఫికెట్లు, అదే బతికే ఉన్నామని పెన్షన్ వాళ్ళం ఏటా ఇచ్చేవి. ఆధార్, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) నంబరు, బ్యాంకు పాస్‌బుక్, ఓటీపీ వచ్చే ఫోను తెచ్చుకోండి. ఫోను ఇంట్లో మనవడి దగ్గర వదిలేసి వస్తే మేమేం చెయ్యలేం.

ఆర్టీసీ_కండక్టర్ | నవంబర్ 3, ఉదయం 8:31
నేను బాగానే ఉన్నానండి. మా వీధిలో కొబ్బరి మట్ట ఒకటి మా స్కూటర్ మీద పడింది, స్కూటర్‌కి ఏం కాలేదు, మట్ట విరిగింది.

వంకాయ_కారం | నవంబర్ 3, ఉదయం 9:05
మాస్టారూ మేమూ క్షేమమే. కరెంటు రెండ్రోజులు లేదు అంతే. కిందటేడు కింద చాపలేసి కూచోబెట్టారు గుర్తుందా, కూచోడం సులువే, లేవడానికి నాకు ఇద్దరు కావాల్సొచ్చింది, ఆ ఇద్దర్నీ లేపడానికి మరో ఇద్దరు. ఈసారి కుర్చీలు లేకపోతే నేను రాను. ఇంకోటి, అక్కడ బాత్‌రూమ్ ఎలాంటిదో ముందు చూసి రండి. చెట్టు ఎంత పెద్దదైతే మనకేంటి.

గట్టు_మాస్టారు | నవంబర్ 3, ఉదయం 9:20
కుర్చీలు ఉంటాయమ్మా. బాత్‌రూమ్ కమోడ్ ఉన్నదే, నేను స్వయంగా వెళ్ళి చూశాను.

టెలిఫోన్_అక్క | నవంబర్ 3, ఉదయం 11:42
సర్టిఫికెట్ల సంగతి నేను రాస్తా, ప్రతి ఏడూ అదే అడుగుతారు. సెంట్రల్ వాళ్ళకి (టెలికం, రైల్వే, పోస్టల్) నవంబరే. 80 దాటినవాళ్ళకి అక్టోబర్ 1 నుంచే తెరిచారు. మిల్లు బాబాయి లాంటి పీఎఫ్ పెన్షన్ వాళ్ళు ఏ నెలలో ఇచ్చినా పర్లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది, కాబట్టి పోయినేడు ఎప్పుడిచ్చారో చూసుకోండి. మన ఆంధ్రా స్టేట్ ట్రెజరీ (రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్) వాళ్ళకి జనవరి, ఫిబ్రవరి. అంటే మాస్టారూ, క్యాంపు పెట్టింది మీరే గానీ మీకు మాత్రం ఇప్పుడు అక్కర్లేదు 😄
వేలిముద్రలు అరిగిపోయినోళ్ళు భయపడకండి, ఇప్పుడు మొహంతో అయిపోతోంది. ఫోన్లో రెండు యాప్‌లుండాలి, ఒకటి ఆధార్ ఫేస్ ఆర్‌డీ, రెండోది జీవన్ ప్రమాణ్. రెండూ ప్లే స్టోర్ నుంచే, నా ఫోన్లో రెడీగా ఉన్నాయి. వెలుతురు మొహం మీద పడేలా నిలబడాలి, కళ్ళజోడు తీయాలి, కళ్ళు ఆర్పమంటుంది ఆర్పాలి. అయ్యాక ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, దాన్ని చెరిపెయ్యకండి. మంచం మీద ఉన్నవాళ్ళకి పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి చేస్తాడు, 70 రూపాయలు.

రైల్వే_గార్డు | నవంబర్ 3, మధ్యాహ్నం 1:15
అన్నట్టు 8వ పే కమిషన్ విధివిధానాలకి అక్టోబర్ 28న కేబినెట్ ఓకే చెప్పింది, రిపోర్టుకి 18 నెలలు టైం ఇచ్చారు, మరి పాత పెన్షనర్ల మాటేంటి అని ఎవరైనా

గట్టు_మాస్టారు | నవంబర్ 3, మధ్యాహ్నం 1:18
గార్డు గారూ వేరే థ్రెడ్. కాళ్ళు పట్టుకుంటా. కిందటిసారి ఇదే మొదలుపెట్టి నూట నలభై పోస్టులు పోయాయి, చివరికి పులిహోర ఎవరు చేస్తున్నారో ఎవరికీ తెలీలేదు.

రైల్వే_గార్డు | నవంబర్ 3, మధ్యాహ్నం 1:40
సరే సరే. బస్సు సంగతి చెప్పండి అయితే. రైలు మాట ఎత్తకండి, 2020 మార్చిలో ఆపేసిన సీనియర్ రాయితీ ఇప్పటికీ తిరిగి రాలేదు. మగాళ్ళకి 40 శాతం, ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది. జీవితమంతా రైలు నడిపించి ఇప్పుడు నా చెల్లెలికి ఫుల్ టికెట్ కొనిచ్చి ఊరికి పంపిస్తున్నా.

ఆర్టీసీ_కండక్టర్ | నవంబర్ 3, మధ్యాహ్నం 2:02
ఆయ్, మా ఆర్టీసీయే నయం. 60 దాటితే 25 శాతం తగ్గింపు. ఆడవాళ్ళకైతే ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. నా మాట వినండి, వ్యానూ వద్దు ఏమీ వద్దు, ఆడవాళ్ళంతా పల్లెవెలుగు ఎక్కెయ్యండి ఫ్రీగా, మగాళ్ళం ముప్పాతిక టికెట్‌తో వెనకాల వస్తాం. నేను పనిచేసిన రోజుల్లో ఇలా ఉంటే మా ఆవిడ నాతో రోజూ డ్యూటీకొచ్చేది.

వంకాయ_కారం | నవంబర్ 3, మధ్యాహ్నం 2:30
గిన్నెలు ఎవరు మోస్తారు? దప్పళం గంగాళం ఒళ్ళో పెట్టుకుని జీరో టికెట్‌లో కూచోమంటారా? వ్యాన్ కావాలి.

మిల్లు_బాబాయి | నవంబర్ 4, ఉదయం 5:50
వ్యాను సంగతి తర్వాత. 500 ఏంటి మాస్టారూ. నేను దాచుకోకుండా చెప్తున్నా, పేపరు మిల్లులో 31 ఏళ్ళు చేశాను, నా పెన్షన్ 2,300. మినిమం వెయ్యి అని 2014 సెప్టెంబర్‌లో పెట్టారు, అది ఇప్పటికీ అక్కడే కూచుంది, దానికి పైన ఉన్న మా బోటి వాళ్ళకి పెరిగేదీ లేదు డీఏ లేదు. అల్లుడిని అడిగితే ఇస్తాడు. కానీ అడగను. ఒక పూట భోజనానికి నా పెన్షన్లో ఐదో వంతు పైన పెట్టాలా అని అడుగుతున్నా అంతే, కోపంగా కాదు.

గట్టు_మాస్టారు | నవంబర్ 4, ఉదయం 6:35
తప్పు నాదే బాబాయి. నాలాంటి ట్రెజరీ వాళ్ళ లెక్కలో వేసేశాను.

వంకాయ_కారం | నవంబర్ 4, ఉదయం 7:12
నా మాట వినండి. వంట మనమే చేసుకుందాం, సాయానికి ఒక మనిషిని పెట్టుకుంటే చాలు. డబ్బులు ఎవరికీ ఇవ్వొద్దు, లిస్టు రాయొద్దు. మా ఇంట్లో పాత హార్లిక్స్ డబ్బా ఉంది, మూతకి కన్నం పెట్టి గట్టు మీద మన బెంచీ దగ్గర పెడతా. ఎవరు ఎంత వేస్తారో వాళ్ళిష్టం, వెయ్యకపోయినా ఇష్టమే. 15 సాయంత్రం విప్పుదాం. నేను ఫ్యామిలీ పెన్షన్ మనిషిని, నాకూ తెలుసు నెలాఖరు ఎలా ఉంటుందో.

రైల్వే_గార్డు | నవంబర్ 4, ఉదయం 7:30
బాగుంది. కానీ తక్కువ పడితే?

వంకాయ_కారం | నవంబర్ 4, ఉదయం 7:33
తక్కువ పడితే చక్రపొంగలి మానేస్తాం, మీ షుగర్‌కీ మంచిదే.

సిద్దిపేట_బిడ్డ | నవంబర్ 4, రాత్రి 9:48
నమస్తే అందరికి. నేను ఆస్టిన్‌ల ఉంటా. మా అమ్మ టీచర్‌గా సిద్దిపేటల రిటైర్ అయ్యింది, నాన్న పోయినంక ఇప్పుడు మా తమ్ముని దగ్గరికి రాజమండ్రికి వచ్చి మూడు నెలలైంది. తమ్ముడు కోడలు పొద్దున పోతే రాత్రికే వస్తరు. అమ్మకు ఎవ్వరు తెల్వదు, బయటికి పోతే నా మాట విని నవ్వుతరేమో అంటది. మీ గ్రూపుల చేర్చుకుంటరా?

గట్టు_మాస్టారు | నవంబర్ 4, రాత్రి 10:05
అమ్మా, చేరడమంటూ ఏమీ లేదు, ఫారం లేదు, ఫీజు లేదు. పొద్దున్న ఆరుంపావుకి ఘాట్ మెట్ల పైన రావిచెట్టు పక్క బెంచీ. నవ్వే సంగతంటావా, మా మాటకి మేమే నవ్వుకుంటాం, మా కండక్టర్ గారి మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. రమ్మను.

టెలిఫోన్_అక్క | నవంబర్ 4, రాత్రి 10:20
నేను వాళ్ళింటికే వెళ్ళి తీసుకొస్తా. అడ్రసు ఇక్కడ పెట్టకమ్మా, నాకు మెసేజ్ చెయ్యి. ఇక్కడ బయటివాళ్ళు కూడా చదువుతారు. ఆగస్టులో మన రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ గారు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మనకి చెప్పిన పాఠం అందరూ గుర్తుంచుకోండి, ఈ సర్టిఫికెట్ల సీజన్లో దొంగ ఫోన్లు ఎక్కువ.

వంకాయ_కారం | నవంబర్ 6, సాయంత్రం 4:10
మెనూ. పులిహోర, ముద్దపప్పు, వంకాయ అల్లం కొత్తిమీర కారం పెట్టి, గుమ్మడికాయ దప్పళం, పెరుగావడ, చక్రపొంగలి. ఉల్లి వెల్లుల్లి లేవు. ఉసిరికాయ పచ్చడి నేను ఆల్రెడీ పెట్టేశా, రెండు కేజీలు.

రైల్వే_గార్డు | నవంబర్ 6, సాయంత్రం 4:25
అమ్మా 16 ఆదివారం. ఆదివారం ఉసిరికాయ తినకూడదు కదా.

వంకాయ_కారం | నవంబర్ 6, సాయంత్రం 4:27
అయ్యో.

ఆర్టీసీ_కండక్టర్ | నవంబర్ 6, సాయంత్రం 4:40
చెట్టు కింద కూచోవచ్చు గానీ కాయ ముట్టుకోకూడదు 😂 మా డిపో క్యాంటీన్ లాగే ఉంది వ్యవహారం, బోర్డు మీద అన్నీ రాసుండేవి, ఏదడిగినా లేదనేవాడు.

మిల్లు_బాబాయి | నవంబర్ 6, సాయంత్రం 5:15
చిన్న డబ్బాల్లో సర్ది తలా ఒకటి ఇచ్చెయ్యండమ్మా. సోమవారం ఎవరింట్లో వాళ్ళు తింటారు. డబ్బాలు మా అల్లుడి స్వీట్ షాపు నుంచి నేను తెస్తా.

టెలిఫోన్_అక్క | నవంబర్ 8, మధ్యాహ్నం 12:30
ఇవాళ పందొమ్మిది మందికి అయ్యింది. ఇద్దరికి కాలేదు, ఒకాయనకి మొన్ననే శుక్లాల ఆపరేషన్, కన్ను ఆర్పమంటే నీళ్ళొచ్చేస్తున్నాయి, ఆయనకి వచ్చే వారం చేద్దాం. ఇంకొకావిడకి పీపీఓ నంబర్లో ఒక అంకె పాస్‌బుక్‌లో ఒకలా కాగితంలో ఒకలా ఉంది, తప్పు నంబరు కొడితే అప్పటికి ఐడీ వచ్చినా తర్వాత రిజెక్ట్ అవుతుంది, అందుకే ఆపాను. సిద్దిపేట టీచరమ్మ గారు వచ్చారు, రావడమే కాదు, నా కుర్చీ పక్కన కూచుని పేర్లన్నీ ముత్యాల్లాంటి దస్తూరీతో రాసిపెట్టారు. మేనేజర్ గారు రాలేదేంటి? పోయినేడు ఆయనే కదా నాకు సాయం.

ఆర్టీసీ_కండక్టర్ | నవంబర్ 10, రాత్రి 8:15
మేనేజర్ బావగారు ఫోనే ఎత్తట్లేదండి. నడకకీ రావట్లేదు. మొన్న సందు చివర కనబడితే పలకరించా, డబ్బా చూశారా అంటే అటు తిరిగి వెళ్ళిపోయారు. బాబాయి 2,300 పెన్షన్‌తో డబ్బాలో వేస్తున్నాడు, ఈయనకి బ్యాంకు పెన్షనూ, పైన ఇంటి అద్దె కూడా వస్తుంది, ఎంత పెద్దోడైతే చెయ్యి అంత దగ్గరకంటుకుంటుంది మరి.

టెలిఫోన్_అక్క | నవంబర్ 10, రాత్రి 8:22
కండక్టర్ గారూ ఎవరెంత వేశారో అడగొద్దనే కదా డబ్బా పెట్టింది.

మేనేజర్_రిటైర్డ్ | నవంబర్ 11, రాత్రి 1:47
నిద్ర పట్టక రాస్తున్నాను. కండక్టర్ గారూ మీరన్నదాంట్లో తప్పులేదు. పౌర్ణమి రోజు సాయంత్రం దీపాలకి వెళ్దామని రెడీ అవుతుంటే ఫోనొచ్చింది, పెన్షన్ ఆఫీసు నుంచి అన్నాడు, నా పేరు, నేను రిటైరైన నెల, పీపీఓలో చివరి అంకెలు అన్నీ వాడే చెప్పాడు, మీ లైఫ్ సర్టిఫికెట్ ఎక్కలేదు సార్ ఈ నెల పెన్షన్ ఆగుతుంది అన్నాడు, ఓటీపీ అడుగుతాడేమో కట్ చేద్దామని కాచుకుని కూచున్నా, వాడు అడగలేదు. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు, ఇది నొక్కి ఇన్‌స్టాల్ చేసుకోండి మొహం చూపించండి చాలు అన్నాడు. మన క్యాంపులో కూడా మొహమే కదా చూపించేది, నాకు అనుమానం రాలేదు. రాత్రి పదకొండుకి చూస్తే 96,000 పోయింది నాలుగు దఫాలుగా. ఓటీపీ నేను ఒక్కడికి కూడా చెప్పలేదు. ముప్పై ఏడేళ్ళు బ్యాంకులో చేసి, ఆగస్టులో మీ అందర్నీ కూచోబెట్టి గంట సేపు పాఠం చెప్పి. అబ్బాయికి చెప్పలేదు, చెప్తే ఫోన్ లాక్కుని ఇక లావాదేవీలన్నీ నేను చూస్తా నాన్నా అంటాడు. బ్రాంచికి కూడా వెళ్ళలేదు, అక్కడున్న కుర్రాళ్ళలో ఇద్దరు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు.

టెలిఫోన్_అక్క | నవంబర్ 11, రాత్రి 2:03
నేనూ మెలకువగానే ఉన్నా. అన్నయ్యగారూ ఇప్పుడే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మీరు నొక్కింది ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, అది లోపల కూచుని మీకొచ్చే మెసేజ్‌లు వాళ్ళకి పంపిస్తుంది, అందుకే వాడు ఓటీపీ అడగలేదు, వాడికి అడగాల్సిన అవసరం లేదు. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే దాన్నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి, ఈ టైంలో కూడా ఎత్తుతారు. ఆరు రోజులైంది, మొదటి రోజే చేసుంటే వాడు డ్రా చేసేలోపు ఆపే అవకాశం ఎక్కువ, కానీ ఇప్పుడైనా చెయ్యాలి. పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చాలి, ఈ ఫోన్ నుంచి వద్దు.

మిల్లు_బాబాయి | నవంబర్ 11, ఉదయం 4:55
ఆరింటికి మీ గుమ్మం ముందుంటా. నా ఫోన్లో బ్యాలెన్స్ ఉంది, బ్యాంకు యాప్ లేదు, దొంగోడికి నా దగ్గర దొరికేదేమీ లేదు, దాన్నుంచి చేద్దాం. తర్వాత స్టేషన్‌కి, తర్వాత బ్రాంచికి. నేను వెనకాల నిలబడతా, మీరేం మాట్లాడక్కర్లేదు కాగితం ఇస్తే చాలు.

ఆర్టీసీ_కండక్టర్ | నవంబర్ 11, ఉదయం 5:20
బావగారూ నా నోటిని నేనే కొట్టుకోవాలి. స్కూటర్ తెస్తా, ముగ్గురం వెళ్దాం. ముగ్గురు ఎక్కకూడదంటే బాబాయి ఆటోలో వస్తాడు.

వంకాయ_కారం | నవంబర్ 11, ఉదయం 6:40
మేనేజర్ గారూ మీరొక్కరే అనుకోకండి. గ్యాస్ సబ్సిడీ పడలేదమ్మా అని ఒకడు ఫోన్ చేస్తే నేను 3,000 పోగొట్టుకున్నా, పోయినేడు. మా అబ్బాయికి ఇప్పటికీ తెలీదు. వాడు ఇవన్నీ చదవడులెండి.

కూకట్‌పల్లి_అబ్బాయి | నవంబర్ 11, ఉదయం 9:12
అమ్మా చదువుతున్నా. అప్పట్లో వెయ్యి అన్నావు.

వంకాయ_కారం | నవంబర్ 11, ఉదయం 9:30
ఆఫీసులో పని చూసుకోరా.

రైల్వే_గార్డు | నవంబర్ 11, ఉదయం 10:05
నేను కేవైసీ అన్నోడికి 8,000. 2022లో. ఇవాళే మొదటిసారి చెప్తున్నా.

టెలిఫోన్_అక్క | నవంబర్ 12, సాయంత్రం 6:15
అందరికీ ఒక మాట. లైఫ్ సర్టిఫికెట్ కోసం ఏ ఆఫీసూ మనకి ఫోన్ చేసి ఫైలు పంపదు. పంపారంటే దొంగే, మన పేరు చెప్పినా, నంబరు చెప్పినా. వాట్సాప్‌లో చివర ఏపీకే అని ఉన్న ఏ ఫైలూ, పెళ్ళి కార్డన్నా సరే, నొక్కొద్దు. మేనేజర్ గారి కంప్లైంట్ నంబరు వచ్చింది. ఫోన్ రీసెట్ చేశాం. పోయినదాంట్లో 14,000 ఇంకా ఏదో అకౌంట్‌లో ఉంటే అది ఆపారు, మిగతాది చూడాలి. ఆయన అసలు లైఫ్ సర్టిఫికెట్ ఈ గొడవలో ఇవ్వనేలేదు, ఇవాళ నా ఫోన్లో చేశా.

గట్టు_మాస్టారు | నవంబర్ 17, ఉదయం 10:20
నిన్నటి లెక్క. వచ్చినవాళ్ళు 34. డబ్బాలో 11,650. వ్యాను 4,500, సరుకులు వంట మనిషి కలిపి 5,200, కుర్చీలు షామియానా 900, మొత్తం 10,600. మిగిలింది 1,050, టెలిఫోన్ అక్క దగ్గర ఉంది. డబ్బాలో ఒక కవరు దొరికింది, పైన ‘బాబాయి అల్లుడి స్వీట్ షాపు డబ్బాలకి’ అని రాసుంది, ఎవరిదో దస్తూరీ తెలిసినా నేను చెప్పను. వ్యాను గంట లేటు, డ్రైవర్ ధవళేశ్వరం వైపు వెళ్ళిపోయాడు, కాటన్ మ్యూజియం చూడ్డానికి వచ్చామనుకున్నాడట. సిద్దిపేట టీచరమ్మ గారి సర్వపిండి దప్పళం కన్నా ముందు అయిపోయింది. ఉల్లిపాయ లేకుండా ఆవిడ ఎలా చేశారో వంకాయ అమ్మగారు ఇంకా అడుగుతూనే ఉన్నారు.
డిసెంబర్ 17 బుధవారం పెన్షనర్స్ డే. 1982లో అదే రోజు నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు హక్కు అని తేల్చింది. ఆ సాయంత్రం ఎప్పట్లా తీర్పు గురించి నేను మాట్లాడతా (పది నిమిషాలే, ఒట్టు), తర్వాత మేనేజర్ గారు ఏపీకే సంగతి చెప్తానన్నారు. ఆయనే అడిగారు, నేను అడగలేదు.

సిద్దిపేట_బిడ్డ | నవంబర్ 17, ఉదయం 11:02
అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడింది, మధ్యల నన్నొక్కసారి గూడ ఎట్లున్నవని అడగలే. 🙏

రైల్వే_గార్డు | నవంబర్ 17, మధ్యాహ్నం 12:10
ఉసిరికాయ పచ్చడి సోమవారం కదా అని ఇవాళ పొద్దున్నే వేడన్నంలో. అమ్మా ఇంకో డబ్బా ఉంటే నా పేరు రాసుకోండి. పే కమిషన్ థ్రెడ్ తెరిచాను, ఇష్టమున్నవాళ్ళు రండి.

మిల్లు_బాబాయి | నవంబర్ 17, సాయంత్రం 4:45
నర్సరీలో ఎవరో నా చెప్పులు వేసుకెళ్ళారు. గోధుమరంగు, ఎడమదానికి పిన్నీసు ఉంటుంది. నాకు మిగిలినవి కొత్తవి, తోలువి, ఒక సైజు పెద్దవి. జారిపోతున్నాయి, నడవలేకపోతున్నా.

మేనేజర్_రిటైర్డ్ | నవంబర్ 17, సాయంత్రం 5:30
బాబాయ్, పిన్నీసు గుచ్చుకుంటే ఇప్పుడే చూశాను. రేపు ఆరుంపావుకి బెంచీ దగ్గరికి వేసుకొస్తా.